తొమ్మిది కిలోల అవతలి జట్టు

పైన క్రేను ఇంకో గుప్పెడు మొక్కజొన్న ఎత్తుకుపోయింది, మా పడవ యోహన్నా ఇంకో వేలెడు నీళ్లలోంచి పైకి లేచింది, నేను మాత్రం ముందు డెక్కు మీద రెండు యంత్రాల మధ్య, సంతలో రెండు గుర్రాలు చూసి ఏదీ వదులుకోలేని రైతులా నిలబడి ఉన్నాను. గంట టైముంది. మా ఆయన హర్బర్ట్ లెక్క ప్రకారం గంట, క్రేను నడిపేవాడి లెక్క ప్రకారం యాభై నిమిషాలు. ఎవరి లెక్కయినా సరే, అడుగున చివరి గింజ ఊడ్చేశాక మేం నైమేఖెన్ రేవు వదిలి నది పట్టుకుని జర్మనీ వైపు ఎగువకి పోవాలి, అంతకుముందే ఈ యంత్రాలు తెచ్చిన సీబ్రిఖ్ తన వ్యాను తలుపు వేసుకుని అపెల్‌డోర్న్‌లో ఎవరో ముసలాయన మోకాలు చూడటానికి పోవాలి, దానికంటే ముందు నేను ఈ రెండింట్లో ఒకటి ఉంచుకుని ఒకటి పంపెయ్యాలి. ఎంత పనని? కానీ పొద్దున రొట్టె మీద వెన్న అనుకుని ఆవాల ముద్ద రాసుకున్నానని సగం తిన్నాక గాని తెలియలేదు, మిగతా సగం కూడా అలాగే తినేశాను. నలభై నాలుగేళ్లు నాకు. పదిహేడేళ్లప్పుడు మొదటిసారి మడమకి ఇనప రేకు కొట్టిన బూట్లు తొడుక్కున్న రోజున ఇలాగే ఉంది, పచ్చిక మీద నడుస్తుంటే ప్రతి అడుగుకీ నేల చిన్న ముక్క ఊడి వస్తుంటే, ఓహో ఈ నేలని నేను పట్టుకోగలను అనిపించినప్పుడు.

ఎడమ పక్కది చక్రం యంత్రం. పీట లాంటి చిన్న బల్ల, దాని మధ్యలో పళ్లెమంత ఇనప చక్రం, దాని ఇరుసుకి చుట్టిన తాడు. తాడు లాగితే చక్రం తిరుగుతుంది, తాడు అయిపోయాక కూడా అది ఆగదు, తిరుగుతూ తిరుగుతూ తాడుని మళ్లీ తనకే చుట్టుకుంటూ మనల్ని ముందుకి లాక్కుంటుంది. కుడి పక్కది మోటారు యంత్రం. తొమ్మిది కిలోలు, పెద్ద బూట్ల జత పట్టే పెట్టంత ఉంది, లోపల మోటారు, బ్యాటరీ, పైన ఒక కన్నంలోంచి బయటికొచ్చే సన్నటి తాడు. ఫోనులో ఎన్ని కిలోలు కావాలో నొక్కితే అన్ని కిలోల బరువై కూర్చుంటుంది, నొక్కకపోతే దారప్పోగు. రెండూ ఇంటి జిమ్ము కోసం చేసినవే, కాకపోతే మా ఇల్లు ఎనభై మీటర్ల సరుకు పడవ, అందులో మనుషులు ఉండే భాగం వెనక మూల పన్నెండు అడుగుల గది. దాన్లో మంచం, పొయ్యి, బల్ల, హర్బర్ట్ పన్నెండు కుండీల జెరేనియం మొక్కలు. ఇనప బిళ్లలు దొంతర్లుగా పేర్చిన మామూలు జిమ్ము యంత్రం పెడితే మేమిద్దరం డెక్కు మీద పడుకోవాలి. అందుకని సీబ్రిఖ్‌ని అడిగాను. సీబ్రిఖ్‌కి అరవై దాటాయి, ఫ్రీస్‌లాండ్ మనిషి, పద్నాలుగు నెలలు నా ఎడమ భుజాన్ని పిండి ముద్దలా పిసికి పిసికి మళ్లీ భుజంలా చేసింది. ఇప్పుడు వైద్యం తగ్గించి వ్యానులో ఇలాంటి యంత్రాలు వేసుకుని తిరుగుతోంది. నా భుజం గురించి నాకంటే ఎక్కువ తెలుసు, అదే నాకు కాస్త భయం కూడా. "చూడమ్మాయ్, ఎనిమిదిన్నరకి వచ్చా, తొమ్మిదిన్నరకి పోతా. మధ్యలో నువ్వు కాఫీ ఇస్తావా, నిర్ణయం చెప్తావా, నీ ఇష్టం" అని పడవెక్కింది. కాఫీ ఇచ్చాను. నిర్ణయం ఇంకా లేదు.

మంగళవారం మా ఊళ్లో తాడు లాగుడు జట్టు నడిపే అలైడా ఫోన్ చేసింది, అక్కడ మొదలైంది ఇదంతా. నేను చుక్కాని దగ్గర ఉన్నాను, ఎదురుగా బొగ్గు పడవ ఒకటి వస్తోంది, దాన్ని ఎటునుంచి దాటించాలా అని చూస్తున్నాను. హలో లేదు, బాగున్నావా లేదు. "మా యాంకర్ పిల్లకి కవలలు" అంది. "పుట్టారా?" అన్నాను. "కడుపులో. అందుకే చెప్తున్నా. తాడు ఒంటి చుట్టూ పోతుంది కదా, డాక్టరు వద్దంది, మొగుడు వద్దన్నాడు, నేనూ వద్దన్నా. సెప్టెంబరులో పోటీలు. నాకు ఏడుగురున్నారు, వెనక ఎవరూ లేరు." బొగ్గు పడవ మా పక్కనుంచి పోయింది, దాని సరంగు చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను, ఎవరికి ఊపానో తెలియకుండా. "నీకు తాడు గుర్తుందా?" అంది అలైడా. తాడు గుర్తుందా అట. "భుజం ఎలా ఉంది?" అంది. "బాగుంది. బాగానే ఉంది" అన్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా కుడి చెయ్యి వెళ్లి ఎడమ భుజం మీద కూర్చుని ఉంది, పిల్లాడు అబద్ధం చెప్పినప్పుడు నోరు మూసుకున్నట్టు.

మా ఆఖ్టర్‌హుక్ ప్రాంతంలో తాడు లాగుడు పోటీ అంటే పండగ రోజు ఆట కాదు. ఎనిమిది మంది, అందరి బరువూ కలిపి ఇంతకి మించకూడదని నియమం, దాని కోసం పోటీ ముందు వారమంతా దోసకాయలూ పెరుగూ తిని బతికే ఆడవాళ్లు. ఎనిమిదో మనిషి యాంకర్. తాడు నా కుడి చంక కిందనుంచి వీపు మీదుగా అడ్డంగా పోయి ఎడమ భుజం మీదనుంచి ముందుకి దిగుతుంది. ముందున్న ఏడుగురూ లాగుతారు, నేను నిలబడతాను. బయటివాళ్లకి ఇది ఎంత చెప్పినా ఎక్కదు. లాగడం కాదు నా పని, నిలబడడం. అవతలి ఎనిమిది మంది కలిసి ఒక్కసారి వెనక్కి వాలినప్పుడు మా జట్టు వెన్నులో పుట్టే వణుకంతా తాడులోంచి పాక్కుంటూ చివరికి నా దగ్గరికి వస్తుంది, అక్కడ ఆగాలి. నా దగ్గర ఆగకపోతే ఇంకెక్కడా ఆగదు. పదకొండేళ్లు అలైడా నా ముందు ఏడో స్థానంలో ఉంది, నాకు ఆమె ముఖం కంటే మెడ ఎక్కువ పరిచయం. ఆ మెడ మీద చెవి కింద గోధుమ గింజంత మచ్చ, అది ఎర్రబడితే ఇంకో అరనిమిషమే పట్టగలదని లెక్క, అప్పుడు నేను మడమ ఇంకో అంగుళం లోపలికి దింపేదాన్ని. నేలలోంచి నలిగిన గడ్డి వాసన, అరచేతుల్లో రాసుకున్న గుగ్గిలం వాసన, నారతాడు తడిసిన వాసన. ఒకసారి స్విట్జర్లాండ్ కొండల్లో ఒక్క లాగుడు నాలుగు నిమిషాలు సాగింది. అవతల ఐరిష్ పిల్లలు. ఎవరూ కదల్లేదు, తాడు మధ్యలో కట్టిన గుర్తు గుడ్డ గాలికి తప్ప కదల్లేదు, పదహారు మంది ఊపిరి తప్ప చప్పుడు లేదు. ఆ నాలుగు నిమిషాల్లో నేను ఎంత సుఖంగా ఉన్నానో పెళ్లి రోజున కూడా లేను, ఆ మాట హర్బర్ట్‌తో అన్నాను కూడా. "పెళ్లి రోజు బూట్లు కరిచాయి నీకు, అందుకు" అన్నాడు.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ సాధనకి పొలం చివర ఇనప స్తంభాల చట్రం ఉండేది, ఇప్పటికీ ఉంది. పైన కప్పీ, కప్పీ మీదుగా తాడు, తాడు చివర సిమెంటు నింపిన నూనె పీపా. మేం వెనక్కి వాలితే పీపా పైకి లేచేది, మేం అలిసిపోతే అది దిగేది. ఎవరో కమ్మరి చేసిన మోటు సరుకు, కానీ ఆలోచిస్తే ఈ పెట్టెలో ఉన్నదీ అదే. కప్పీ, తాడు, అవతల బరువు. అది చెట్టంత పొడుగు, ఇది చంకలో పెట్టుకుని పోయేంత. అంతే తేడా. అంతేనా? అదే తేల్చుకోవాలి నేను, ఈ గంటలో. సోమవారం రాటర్‌డామ్, బుధవారం డ్యూయిస్‌బర్గ్, శుక్రవారం ఇంకో రేవు. రోజూ నాకు చట్రం దగ్గరికి పోయే దారి లేదు, చట్రమే నా దగ్గరికి రావాలి.

ముందు చక్రం దాన్ని పట్టాను. సీబ్రిఖ్ బల్ల మీద నిలబడమంది, పిడి అందించింది. "దీనికి కరెంటు అక్కర్లేదు, నంబరు లేదు, తెర లేదు. నువ్వెంత ఇస్తే అంత తిరిగిస్తుంది, అణా తగ్గించదు, అణా పెంచదు." లాగాను. మొదటిసారి మెల్లగా, అది మెల్లగా వెనక్కి తీసుకుంది. రెండోసారి కాస్త గట్టిగా. మూడోసారికి కాళ్లలోంచి, నడుములోంచి, రెండేళ్లుగా ఎక్కడో మడిచి పెట్టుకున్న చోటునుంచి లేచింది బలం, చక్రం ఝుమ్మంది, తాడు చివరికొచ్చి వెనక్కి తిరిగేసరికి నన్ను అమాంతం ముందుకి గుంజింది, నేను మళ్లీ లాగాను, అది మళ్లీ గుంజింది. నవ్వొచ్చింది నాకు. గట్టిగా నవ్వాను. క్రేను వాడు పైనుంచి తొంగిచూశాడు. ఇది మనిషి, యంత్రం కాదు, నేను కోపంగా ఉంటే ఇదీ కోపంగా ఉంటుంది, అలిసిపోతే అలిసిపోతుంది, నాకు ఇదే కావాలి అని నోటిదాకా వచ్చింది. ఇరవైసార్లు లాగి ఉంటాను, చెమట కళ్లలోకి దిగింది. సీబ్రిఖ్ కాఫీ తాగుతూ నా పాదాల వైపే చూస్తోంది, ఆవిడ అలా చూస్తే ఏదో ఉన్నట్టే, పద్నాలుగు నెలల అనుభవం నాది. అప్పుడు తట్టింది. సరే, ఇప్పుడు నిలబడదాం అనుకుని తాడు సగంలో ఆపి, మోకాళ్లు వంచి, వెనక్కి వాలి, యాంకర్ లాగా బిగిసి ఆగాను. చక్రం కూడా ఆగింది. నేను నిలబడితే అదీ నిలబడింది. నేను కదిలేదాకా ఓపిగ్గా, మర్యాదగా, పొరుగింటి ముసలమ్మ తలుపు దగ్గర నిలబడినట్టు ఎదురు చూస్తోంది. నా మీద ఏ బరువూ లేదు. ఐరిష్ పిల్లలు ఇలా ఆగరే. సీబ్రిఖ్ కప్పు కింద పెట్టి, "ఊఁ, దొరికిందా?" అంది. "ఇది లాగేవాళ్లది" అన్నాను. అంటుంటే నిజంగా బాధేసింది, అంత నచ్చింది నాకు. ఇంట్లో చోటుంటే రెండూ ఉంచుకునేదాన్ని. పడవలో బతికేవాళ్లకి అన్నీ ఒక్కొక్కటే. గరిటె ఒకటి, కత్తెర ఒకటి, మొగుడు ఒకడు.

ఆ మొగుడు అప్పుడే వెనకనుంచి పక్క దారమ్మట నడుచుకుంటూ వచ్చాడు, పొడుగు చీపురు భుజాన వేసుకుని. వచ్చి రెండింటినీ చూశాడు. "ఇదా?" అన్నాడు మోటారు పెట్టెని బూటుతో తాకి. "తొమ్మిది కిలోలు. మా అమ్మ కుట్టు మిషను దీనికంటే బరువు." "తొంభై దాకా లాగుతుందట" అన్నాను. "దేనికి కడతావు?" "గుంజకి." అక్కడ మాత్రం హర్బర్ట్ ముఖం వెలిగింది, కట్టడం, బిగించడం అంటే వాడి విద్య. వెయ్యి టన్నుల పడవని ఆపే ఇనప గుంజ అది, దానికి ఈ తొమ్మిది కిలోల పెట్టెని పట్టీతో మూడు చుట్లు చుట్టి, లాగి చూసి, మళ్లీ విప్పి, ఇంకోలా చుట్టి, ఏనుగుని కట్టినంత శ్రద్ధగా కట్టాడు. అలైడా ఫోన్ గురించి చెప్పినరోజున మాత్రం ఇలా లేడు. "నీళ్ల మీద బతికేవాళ్లకి తాడు లాగే పోటీ ఎందుకు, రోజూ లాగేది చాలదా" అన్నాడు అలవాటుగా, అని వెంటనే ఆగిపోయాడు. ఎందుకంటే రోజూ తాడు లాగేది నేను కాదు. రెండేళ్లుగా ముందు తాళ్ల పని తనది, చుక్కాని నాది. మా పడవలో ఆ సంగతి ఎవరూ నిర్ణయించలేదు, ఎవరూ మాట్లాడలేదు. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి నా చేతి తొడుగులు ముందు డెక్కు మీది పెట్టెలో లేవు, అంతే.

భుజానికి ఆ దెబ్బ ఎగువన ఒక లాకులో తగిలింది, రెండేళ్ల కిందట మార్చిలో, గాలి రోజున. నేను ముందు నిలబడి లాకు గోడ గుంజకి మోకు వేసి ఉన్నాను, నీళ్లు నిండాయి, తలుపులు తెరుచుకున్నాయి, వెనక ఎనభై మీటర్ల అవతల చుక్కాని గదిలోంచి హర్బర్ట్ చేతి రేడియోలో "వదిలావా?" అన్నాడు. "వదల్లా" అన్నాను. గాలికి తనకి "వదిలా" అని వినపడింది. ఇంజను ముందుకి వేశాడు. మోకు బిగుసుకుంది, దాని మడతలో నా తొడుగు, తొడుగులో నా చెయ్యి, తర్వాత చప్పుడు. చప్పుడు బయటినుంచి రాలేదు, నా లోపలినుంచి వచ్చింది, ఎండుకర్ర తొక్కినట్టు. చిత్రమేంటంటే, పదకొండేళ్లు ఎనిమిదిమంది బరువుని మోసిన భుజం అది, అయినా బరువు వస్తోందని దానికి తెలియాలి, వస్తోంది వస్తోంది అని ముందు ఏడుగురి వెన్నులూ చెప్పాలి. లాకులో ఎవరూ చెప్పలేదు. భుజం నయమైందని స్కానింగ్ చెప్పింది, సీబ్రిఖ్ చెప్పింది, సాగదీసే రబ్బరు పట్టీల్లో పసుపుది, ఎరుపుది, ఆకుపచ్చది అన్నీ దాటి అన్నిటికంటే గట్టిదైన నల్లదాని దాకా వచ్చాను. భయం నయమైందా లేదా ఏ స్కానింగులోనూ పడదు కదా. ఎవరైనా వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే ఇప్పటికీ ఎడమ మోచెయ్యి పక్కటెముకలకి అతుక్కుపోతుంది. హర్బర్ట్ అందుకే పిలిచేముందు గొంతు సవరించుకుంటాడు. రెండేళ్లుగా మా ఇంట్లో ఎంత దగ్గో.

పెట్టె గుంజకి బిగిసింది. సీబ్రిఖ్ దాని కొక్కేనికి రెండు బారల పాత నారతాడు తగిలించింది, ఎక్కడ సంపాదించిందో, బొటనవేలికి రెండింతల లావు, అసలు సిసలైన తాడు. "నీకోసం వెతికా" అంది ముభావంగా. తీసుకున్నాను. కుడి చంక కిందనుంచి, వీపు మీదుగా, ఎడమ భుజం మీదకి. తాడు బరువు భుజం మీద పడగానే ఒళ్లంతా సర్దుకుంది, ఎవరూ చెప్పకుండానే పాదాలు వాటి దూరానికి పోయాయి, నడుము తన ఎత్తుకి దిగింది. "ముప్పై" అంది సీబ్రిఖ్ ఫోన్ నొక్కుతూ. తాడు ప్రాణం పోసుకుంది. మెత్తగా, నిలకడగా, ఎక్కడా తగ్గకుండా లాగుతూనే ఉంది. నేను నిలబడ్డాను, అది నిలబడలేదు. అవతల మనుషులున్నారు! "నలభై" అంది. "యాభై" అంది. నిమిషం. రెండు నిమిషాలు. తొడలు వణకడం మొదలుపెట్టాయి, ఆ వణుకు ఎంత పాత స్నేహితురాలో, చెమట ముక్కు చివరినుంచి డెక్కు మీద పడుతోంది, ఎదురుగా అలైడా మెడ లేదు, దాని బదులు నది ఉంది, నది మీద ఎండ, ఒక పడవ, ఇంకో పడవ, వంతెన మీద సైకిళ్లు. ఊళ్లో పీపా ఇంత బాగా లాగేది కాదు, అది ఊగేది. ఇదే. ఇంకేం ఆలోచించక్కర్లేదు, చార్జి చేస్తే వారం వస్తుందట, మంచం కింద పడుతుంది. కానీ ఇంకొకటి ఉంది. అది తేలకుండా ఇది మంచి పెట్టో చెడ్డ పెట్టో నాకు అనవసరం.

"దీంతో, చెప్పకుండా బరువు పెంచొచ్చా?" అన్నాను తాడు దించి. సీబ్రిఖ్ నా వైపు చూసింది, ఆవిడకి అర్థమైంది. "పెంచొచ్చు. ఒక్క నొక్కుకి ఇరవై. కాలు జారితే అదే వదిలేస్తుంది, నిన్ను ఈడ్చుకుపోదు." "అయితే నేను కళ్లు మూసుకుంటా. మీరు కాదు. తను నొక్కుతాడు." హర్బర్ట్ చీపురు కింద పెట్టలేదు. "నేనెందుకు, ఆవిడకి తెలుసు కదా ఎలాగో" అన్నాడు. "నువ్వే." "దీనెకె, నేను నొక్కను." "అయితే నేను సెప్టెంబరులో నిలబడను" అన్నాను. కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పాను. క్రేను ఒక గుప్పెడు తీసింది, ఇంకో గుప్పెడు తీసింది. పడవ లేస్తూనే ఉంది, రేవు గట్టు ఇప్పుడు మా మోకాళ్ల కిందికి పోయింది. సీబ్రిఖ్ ఫోన్ చాపి పట్టుకుని ఉంది, ఆవిడ చెయ్యి కూడా లాగడం లేదు, వదలడం లేదు. చివరికి హర్బర్ట్ చీపురు పడవ అంచుకి ఆనించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని అందుకున్నాడు. "ఎప్పుడు?" అన్నాడు. "నీ ఇష్టం. చెప్పకు. దగ్గకు కూడా." "దగ్గుతానా నేను?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపడి.

కళ్లు మూసుకున్నాను. యాభై. కళ్లు మూసుకుంటే నది చప్పుడు ఎక్కువైంది, మొక్కజొన్న దుమ్ము ముక్కులోకి, కొంగల అరుపు, ఎక్కడో లారీ వెనక్కి వస్తున్న పీక. ఎప్పుడు నొక్కుతాడు, ఇప్పుడా, ఇప్పుడు కాదు, వాడు నొక్కడు, వాడికి ధైర్యం లేదు, పెళ్లినాడు నన్ను గుమ్మం దాటించి ఎత్తుకుపోవడానికి కూడా ముందు నడుముకి పట్టీ కట్టుకున్నాడు, ఆ మాట ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో, అమ్మ అంది ఆరోజు ఇదేం మొగుడే అని, నేనన్నాను జాగ్రత్త మనిషి అని, జాగ్రత్త మనిషే, ఆ గాలి రోజున కూడా జాగ్రత్తగానే అడిగాడు, వదిలావా అని, అడగకుండా ఇంజను వెయ్యలేదు కదా, అడిగాడు కదా, ఆ సంగతి వాడికి నేనెప్పుడైనా చెప్పానా, నువ్వు అడిగావు హర్బర్ట్ అని ఒక్కసారైనా... తాడు విరుచుకుపడింది. కాలు జారింది. రెండడుగులు ముందుకి పోయాను, తాడు చటుక్కున మెత్తబడింది, మోకాలు డెక్కుకి తగిలింది. కళ్లు తెరిచేసరికి హర్బర్ట్ ఫోను పక్కకి విసిరేసినంత పని చేసి నా మీదకి వంగి ఉన్నాడు, ముఖంలో రక్తం లేదు. నేను భుజం వైపు చూసుకున్నాను. ఉంది. నొప్పి లేదు. నాకు నవ్వొస్తోంది. "భుజం కాదు" అన్నాను, "కాలు. దుమ్ము మీద కాలు జారింది. హర్బర్ట్, కాలు!" ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియలేదు తనకి, నాకూ తెలియలేదు. "ఆ చీపురిలా ఇవ్వు" అన్నాను. తనివ్వలేదు. తనే ఊడ్చాడు, నేను నిలబడే చోటు మొత్తం, గీతలు గీసినట్టు నీటుగా, తర్వాత బకెట్టుతో నీళ్లు కొట్టి గుడ్డతో తుడిచాడు. సీబ్రిఖ్ గడియారం చూసుకుని అపెల్‌డోర్న్‌కి ఫోన్ చేసి, "మీ మోకాలు పావుగంట ఆగుతుందా" అని అడిగింది. ఆగుతుందట.

రెండోసారి నేనేమీ ఆలోచించలేదు. లేదు, ఆలోచించాను, మడమల గురించి. తాడు విరుచుకుపడినప్పుడు మోచెయ్యి పక్కటెముకలకి అతుక్కుపోవడానికి బయల్దేరింది, సగంలో తాడుంది, పని ఉంది, ఆగిపోయింది. వణుకు భుజం మీదనుంచి వీపులోకి, వీపులోంచి తొడల్లోకి, తొడల్లోంచి మడమల్లోకి దిగి డెక్కు ఇనుములోకి పోయింది. ఆగాను. డెబ్భై కిలోలు అవతల, ఇవతల నేను. పది లెక్కపెట్టాను, ఇరవై. సీబ్రిఖ్ "చాలమ్మాయ్" అంది. చాలదు నాకు. అప్పుడు, నేనడగకుండా, ఎవరూ అడగకుండా, ఇంకోసారి విరుచుకుపడింది తాడు. హర్బర్ట్ తనంతట తను నొక్కాడు. తొంభై. నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు, బహుశా మూడు సెకన్లు, ఆ మూడు సెకన్లలో నాకు ఏడుగురి వెన్నులూ కనిపించాయి.

చక్రం యంత్రాన్ని సీబ్రిఖ్, హర్బర్ట్ పట్టుకుని నిచ్చెన మీదుగా గట్టు మీదకి దించారు. పెట్టె గుంజకే ఉండిపోయింది. "రోజూ ఇలా కోతిపనులు చెయ్యకు, వారానికి రెండుసార్లు, మిగతా రోజులు ముప్పై" అని కింద నుంచి వేలు చూపించి వ్యానెక్కింది సీబ్రిఖ్. నేను అలైడాకి ఫోన్ చేశాను. "విను, మంగళవారం అబద్ధం చెప్పాను. భుజం బాగుంది గానీ నాకు దాని మీద నమ్మకం లేదు. ఇవాళ కొంచెం వచ్చింది. శనివారం వచ్చి నిలబడతా, నువ్వే చూసుకో, పనికిరాకపోతే మొహమాటం లేకుండా చెప్పు." అవతల ఆవులు అరుస్తున్నాయి. "అబద్ధమని తెలుసు" అంది. "బాగుంది అని నువ్వు ఎప్పుడూ రెండుసార్లు చెప్పవు. పదింటికి రా. బరువెంతున్నావు?" చెప్పాను. "అమ్మ బాబోయ్. జున్ను మానెయ్" అంది.

క్రేను చెయ్యి పక్కకి తిరిగింది. ఖాళీ పడవ ఎత్తుగా, తేలిగ్గా నిలబడింది, చిన్న గాలికే పక్కకి ఒరుగుతూ. నేను చుక్కాని గదికి పోదామని తువ్వాలు మెడకి చుట్టుకుని కదిలాను. హర్బర్ట్ నాకంటే ముందే కదిలాడు, వెనక్కి. పక్క దారమ్మట, ఎనభై మీటర్లు, వెనక్కి తిరిగి చూడకుండా, ముందు మోకుని ముట్టుకోకుండా. వెనక తాడు విప్పుకున్నాడు. మెట్లెక్కి చుక్కాని గదిలోకి పోయాడు. అద్దం వెనకాల తన తల కనిపిస్తోంది. ఇంజను మొదలైంది, ముందుకీ వెనక్కీ వెయ్యలేదు, ఊరికే గురక పెడుతోంది. రేడియోలో ఏమీ అడగలేదు. తను ఎంతసేపైనా అలాగే కూర్చుంటాడు, సాయంత్రం దాకా కూర్చోమన్నా కూర్చుంటాడు, నాకు తెలుసు. రేవు మనిషి గట్టు మీది గుంజ నుంచి ముందు మోకు తీసి నీళ్లలోకి వదిలాడు. నేను వంగి అందుకున్నాను. తడి మోకు, ఎంత బరువో మరిచిపోయాను, చేతి మీద చెయ్యి వేసి లాక్కుంటుంటే నీళ్లు మోచేతుల దాకా కారుతున్నాయి, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి. మొత్తం డెక్కు మీదకి వచ్చాక, చుట్ట చుట్టేశాక, నా కాళ్లూ చేతులూ దాని దగ్గర ఎక్కడా లేవని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాక, రేడియో తీసి పూర్తి వాక్యంలో, ఒక్కో మాటా విడదీసి, "తాడు నా దగ్గర ఉంది, హర్బర్ట్, పోనివ్వు" అన్నాను.